చూడని జర్మనీ గురించి నేను చెప్పిన పాఠాలు

ఇంగ్లండులో, లండన్ పక్కనుండే స్లౌలో ఒక చిన్న ట్రైనింగ్ కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాను. ఇక్కడి ఆఫీసుల నుంచి జర్మనీకి పంపే మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు రెండు రోజుల్లో జర్మన్ల సంస్కృతి, ఆచారాలు, తిండి పరిచయం చెయ్యడం నా ఉద్యోగం. ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను జర్మనీ వెళ్ళలేదు.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నా స్థానంలో చేరబోయే అమ్మాయి కూడా వెళ్ళలేదట. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, చాలా భయంగా ఉంది, మీ నోట్సు ఏమైనా ఇస్తారా?" అని అడిగింది. నోట్సు ఆఫీసులోనే ఉంది, మూడు లావుపాటి ఫైళ్ళు. అవి చదివితే జర్మనీలో ఎన్ని రకాల రొట్టెలున్నాయో తెలుస్తుంది, ఉద్యోగం అంటే ఏమిటో తెలియదు. అందుకని ఇది రాస్తున్నాను. ముప్పై రెండేళ్ళకు రిటైరయ్యానంటే మా ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. పాప పడుకున్నాక, మధ్యమధ్య లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుని వస్తూ రాస్తున్నాను. ఎక్కడైనా మాట తెగితే అందుకే అనుకోండి.

ఉద్యోగం ఎలా వచ్చింది

హైదరాబాదులో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు జర్మన్ నేర్చుకున్నాను. ఫ్రెంచి క్లాసులో సీట్లు అయిపోవడం తప్ప దానికి వేరే కారణం లేదు. మా జర్మన్ మాస్టారు చాలా బాగా చెప్పేవారు. రైన్ నది ఒడ్డున సాయంత్రం ఎలా ఉంటుందో ఆయన చెబుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. ఆయన కూడా జర్మనీ చూడలేదని ఆఖరి రోజు తెలిసింది. అంటే నేను చేసింది మోసం కాదు, గురువుగారి బాటలో నడవడం.

పెళ్ళయి ఇంగ్లండు వచ్చాక ఇంటర్వ్యూకి వెళ్ళాను. బాసు పేరు మాల్కం. ఒకప్పుడు బ్రిటిష్ సైన్యంలో ఉండి, జర్మనీలోని సైనిక శిబిరంలో ఎనిమిదేళ్ళు గడిపాడు. ఆ ఎనిమిదేళ్ళలో బీరు అడగడం, బిల్లు అడగడం, క్షమాపణ అడగడం నేర్చుకున్నాడు. ఈ మూడూ అదే వరసలో వాడుకున్నానని ఆయనే చెప్పాడు.

ఇంటర్వ్యూలో రెండే ప్రశ్నలు అడిగాడు. "నీకు జర్మన్ వచ్చా?" వచ్చన్నాను. "ఇంజనీర్లందరూ ఇండియన్సే. నువ్వూ ఇండియనే కదా?" అవునన్నాను. సోమవారం వచ్చెయ్యమన్నాడు. జర్మనీ ఎప్పుడైనా వెళ్ళావా అని అడగడం ఆయనకు తోచలేదు. చెప్పాలా వద్దా అని ఇంటికొచ్చి మూడు రోజులు తిండి మానేశాను. ఆదివారం రాత్రి ఫోన్ చేసి చెప్పేశాను.

"నేను ఎనిమిదేళ్ళు ఉన్నాను, నాకేం తెలుసు?" అన్నాడు. "నువ్వు పుస్తకాలు చదివావు. రేపు తొమ్మిదింటికి రా."

దీని మీద నా అభిప్రాయం ఇది. ఒక దేశంలో ఉండటం వేరు, దాన్ని గమనించడం వేరు. అలాగని, చూడకపోవడం మంచిదని కూడా నేను అనను. మీకు వీసా దొరికితే నాలుగు రోజులు వెళ్ళి రండి. నాకు ఆ నాలుగు రోజులూ ఎప్పుడూ కలిసి రాలేదు.

చల్లటి భోజనం

మొదటి రోజు మధ్యాహ్నం జర్మన్ల రాత్రి భోజనం ఎలా ఉంటుందో చూపించేవాళ్ళం. చెక్క పలక మీద నల్లటి రై రొట్టె, రెండు రకాల చీజ్, ఉడికించిన గుడ్డు, వెనిగర్‌లో ఊరిన దోసకాయ, తినేవాళ్ళకు హ్యామ్. ఒక చాకు. అంతే. పొయ్యి వెలిగించే పనే లేదు.

ఇంజనీర్లు చేతులు కడుక్కొచ్చి, కుర్చీల్లో సర్దుకుని, మర్యాదగా ఎదురు చూసేవాళ్ళు. చివరికి ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "మేడం, మెయిన్ కోర్స్ ఎప్పుడొస్తుంది?"

"ఇదే మెయిన్ కోర్స్."

ఆ మాట విన్నాక ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చెక్క పలక ఎత్తి కింద చూసేవాళ్ళు. ఒకసారి అనంతపురం అబ్బాయి ఒకడు సంచిలోంచి సీసా తీశాడు. "ఏమనుకోవద్దు మేడం, ఈ రొట్టె లోపలికి పోవాలంటే ఇదొకటే దోవ," అని రై రొట్టె మీద ఆవకాయ రాసుకున్నాడు. పక్కనున్న మాల్కం తనకూ కొంచెం రాయమన్నాడు. మరుసటి వారం నుంచి కోర్సు సామాను జాబితాలో రొట్టె, చీజ్, గుడ్లతోపాటు ఆవకాయ కూడా చేరింది. జర్మన్ సంస్కృతి కింద ఆవకాయకు ఎందుకు డబ్బు ఇవ్వాలని అకౌంట్స్ అమ్మాయి అడిగితే, "ఉత్తర ప్రాంతపు ఊరగాయ" అని మాల్కం రాసిచ్చాడు.

మిగతా పాఠాలు తేలికే. ఆదివారం మధ్యాహ్నం కేకు, కాఫీ. వసంతంలో తెల్ల ఆస్పరాగస్ వస్తే మనవాళ్ళకు మామిడికాయలు వచ్చినట్టే, ఊరంతా అదే మాట. పుట్టినరోజు కేకు పుట్టినరోజువాడే ఆఫీసుకు తేవాలి. ముందురోజే శుభాకాంక్షలు చెబితే అశుభం. ఎర్ర లైటు ఉంటే, రోడ్డు ఖాళీగా ఉన్నా నడిచి దాటకూడదు. పక్కన పిల్లలుంటే మరీ తప్పు. ఇవన్నీ ఫైళ్ళలో ఉన్నాయి.

వద్దనడం

ఫైళ్ళలో లేనిది వెంకటరమణ కథ.

భీమవరం అబ్బాయి, మంచి పనిమంతుడు. రెండో ఏడు నా దగ్గర కోర్సు చేసి స్టుట్‌గార్ట్ వెళ్ళాడు. వెళ్ళిన రెండో వారంలో టీం లీడరు ఇంటికి భోజనానికి పిలిచాడు. రొట్టెల పళ్ళెం ముందుకు జరిపి తీసుకోమంటే, వెంకటరమణ మన పద్ధతిలో "అయ్యో, వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అన్నాడు. వాళ్ళు సరేనని పళ్ళెం వెనక్కి జరిపారు. తర్వాత సూపు వచ్చింది. వద్దన్నాడు. సూపూ వెళ్ళిపోయింది. గంటన్నరసేపు ఆ ఇంట్లో నలుగురూ తింటుంటే చూస్తూ కూర్చుని, గదికి వెళ్ళి మూడు ప్యాకెట్ల బిస్కెట్లు తిన్నాడు.

మరుసటి రోజు రెండు ఈమెయిళ్ళు మాల్కంకు ఒకేసారి చేరాయి. "ఈ దేశంలో అతిథి మర్యాద అన్నది లేదు" అని వెంకటరమణ. "మీ మనిషి అన్నీ తిరస్కరించాడు, మా వల్ల ఆయన మతానికేమైనా అపచారం జరిగిందా?" అని టీం లీడరు. మాల్కం రెండూ ప్రింటు తీసి నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

తప్పు నాదే. రొట్టె గురించి చెప్పాను, చీజ్ గురించి చెప్పాను. మనం రెండుసార్లు వద్దని, మూడోసారి బలవంతం చేస్తే తింటామని, వాళ్ళకు ఆ రెండో సారే ఉండదని చెప్పలేదు. ఆ దేశం గురించి చదివిందంతా చెప్పి, మన గురించి చెప్పడం మరిచిపోయాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఇదే. వచ్చేవాళ్ళకు జర్మన్లు తెలియకపోవడం చిన్న సమస్య. తమ అలవాట్లు తమకు తెలియకపోవడం పెద్ద సమస్య.

ఆ తర్వాత నా కోర్సులో కొత్త నియమం పెట్టాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేదాన్ని: "మొదటిసారే సరే అనండి." అందరితో అభ్యాసం చేయించేదాన్ని. మాల్కం ఇంటి యజమానిగా కూర్చుని ఊరబెట్టిన దోసకాయ ఇవ్వబోయేవాడు. ఎవరైనా మొహమాటపడితే దాన్ని తనే తినేసేవాడు. రెండు రోజుల్లో అందరూ దారిలో పడేవాళ్ళు. ఆ ఉత్సాహంలో నియమాన్ని ఇంకొంచెం పొడిగించాను. "ఏం పెట్టినా, ఏం చెయ్యమన్నా, మొదటిసారే సరే అనండి."

సుధీర్

సుధీర్‌ది గుంటూరు. నా మాటలన్నీ తారీఖు వేసి మరీ రాసుకునేవాడు. మా పాపకు అప్పుడు ఏడు నెలలు. నెలకు రెండు బ్యాచ్‌లు మాత్రం చెబుతున్నాను. సుధీర్ ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తాడు.

"ఏం చెయ్యమన్నా అంటే, ఏదైనానా మేడం?"

"ఏదైనా. నలుగురితో కలిసి చేసేదైతే మరీ."

దాని కింద రెండు గీతలు గీసుకున్నాడు.

టీ విరామంలో తన సంగతి చెప్పాడు. వాళ్ళు లూథరన్ క్రైస్తవులు. కేంబ్రిడ్జ్‌లో నర్సుగా పనిచేసే సునీత అనే అమ్మాయితో సంబంధం మాట్లాడుతున్నారు. అమ్మాయి తరఫు పెద్ద బేసింగ్‌స్టోక్‌లో ఉండే ఆమె బాబాయి జయరాజు గారు. ఈస్టర్‌కు నిశ్చితార్థం అనుకున్నారు. అంతకు ముందు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఒకటి తను పొట్టి అని, ఇంకొకటి ఫోన్‌లో మాట గట్టిగా రావడం లేదని.

"ఈ అమ్మాయితో నాలుగు నెలలుగా ఆదివారాలు మాట్లాడుతున్నాను మేడం," అన్నాడు, నిజంగానే వినీ వినపడకుండా. "తను మాట్లాడుతుంటే నాకు కూడా మాటలొస్తున్నాయి. ఇది తప్పిపోతే మళ్ళీ ఇంకొకరితో మొదలుపెట్టడం నా వల్ల కాదు."

అతను బ్రేమెన్ వెళ్ళిన ఐదో వారం, శనివారం పొద్దున్న ఫోన్ వచ్చింది. పాపకు జ్వరమేమోనని థర్మామీటరు పట్టుకుని ఉన్నాను.

"మేడం, చిన్న ప్రాబ్లం. మీరు చెప్పినట్టే చేశాను."

ఈ రెండు వాక్యాలు ఒకే ఊపిరిలో వినపడితే భయపడాలని నాకు అప్పటికే తెలుసు.

జరిగింది ఇది. గురువారం సుధీర్ పుట్టినరోజు. నేను చెప్పినట్టే కేకు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. మధ్యాహ్నం సహోద్యోగులంతా వచ్చి, ఒక పాత నల్లకోటు తొడిగి, నెత్తిన పొడుగు టోపీ పెట్టి, మాతో వస్తావా అని అడిగారు. మొదటిసారే సరే అన్నాడు. ఊరి మధ్యనున్న పెద్ద చర్చికి తీసుకెళ్ళి, మెట్ల మీద బస్తాడు బీరు సీసా మూతలు కుమ్మరించి, చేతికి చీపురు ఇచ్చి ఊడుస్తావా అన్నారు. సరే అన్నాడు.

"శ్రమదానం అనుకున్నాను మేడం. మా సండే స్కూల్లో కూడా చేసేవాళ్ళం. నేను ఊడుస్తుంటే వాళ్ళు మళ్ళీ మూతలు పోస్తున్నారు. నాకు అర్థం కాలేదు. నలభై నిమిషాలు ఊడ్చాను. అప్పుడు పక్కనే పుస్తకాల షాపులో పనిచేసే ఎవరో అమ్మాయిని పిలుచుకొచ్చి..."

"పిలుచుకొచ్చి?"

"ఆమె ముద్దు పెడుతుంది, సరేనా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"కోర్సులో మీరే కదా మేడం," అన్నాడు.

బుగ్గ మీదే. ఒక్క క్షణం. కానీ ఆఫీసులో ఎవరో ఫొటోలు తీసి ప్రాజెక్టులో అందరికీ పంపారు. స్లౌలో ఉన్న ఒక తెలుగు సహోద్యోగి ఊడుస్తున్న ఫొటోను బేసింగ్‌స్టోక్ ప్రార్థన కూటానికి పంపాడు. జయరాజు గారు అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఇంత పెద్ద ఇంజనీరు, పరాయి దేశంలో, మంచి కోటు వేసుకుని మరీ దేవుని మందిరం మెట్లు ఊడుస్తున్నాడని కూటంలో సాక్ష్యం చెప్పి, ఫొటో అందరికీ చూపించారు. మరుసటి రోజు అదే సహోద్యోగి, ఎంతో మంచి మనసుతో, రెండో ఫొటో కూడా పంపాడు.

"సంబంధం వద్దంటున్నారు మేడం. సునీత ఫోన్ ఎత్తడం లేదు. మీరు ఒక్కసారి వెళ్ళి ఇది అక్కడి పద్ధతని చెప్పండి. పుట్టినరోజు ఆచారమట. ఎన్నో పుట్టినరోజు అన్నది చెప్పక్కర్లేదు కదా?"

పాప అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. వెళ్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ చివరి మాట మీద నిలబడి ఆలోచించి ఉండాల్సింది.

ఈ ఆచారం నేను ఎక్కడా చదవలేదు. సోమవారం బ్రేమెన్ ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఫ్రౌ, అంటే శ్రీమతి, బ్రింక్‌మన్‌కు ఫోన్ చేశాను. ఆమె చాలా గర్వంగా చెప్పింది. పెళ్ళికాని మగవాడికి ముప్పై నిండితే ఆ ఊళ్ళో చర్చి మెట్లు ఊడుస్తాడు. పెళ్ళికాని అమ్మాయి వచ్చి ముద్దు పెడితేనే విడుదల. ఆ ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. "మా వాళ్ళంతా నవ్వుకుంటూ అటూ ఇటూ ఊపి వదిలేస్తారు," అందామె. "ఇతను నిజంగా శుభ్రం చేశాడు. చర్చి కాపలాదారు వచ్చి కరచాలనం చేశాడు."

మాల్కంకు చెబితే, ముద్దు ఆచారంలో భాగమేనని కంపెనీ లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఇద్దామన్నాడు. నేను ఆ కాగితం లేకుండానే బయలుదేరాను.

బేసింగ్‌స్టోక్‌లో పాఠం

కారు నేనే నడిపాను. లైసెన్సు వచ్చి మూడు నెలలు. వెనక సీట్లో పాప. రెడింగ్ దాకా రెండుసార్లు ఆపి అది నిద్రపోతోందా, స్పృహ తప్పిందా అని చూసుకున్నాను. లారీలవాళ్ళు హారన్లు కొట్టారు.

జయరాజు గారి ఇంట్లో ముందుగదిలో టేబుల్ మీద రెండు ఫొటోలున్నాయి. ఒకటి మామూలుగా, ఒకటి బోర్లించి. ఆయన, ఆయన భార్య కరుణ ఆంటీ సోఫాలో కూర్చున్నారు. మూల కుర్చీలో సునీత. నైట్ డ్యూటీ చేసి కేంబ్రిడ్జ్ నుంచి నేరుగా వచ్చిందట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చేతిలోంచి పాపను అడగకుండానే తీసుకుని, నుదురు మీద చెయ్యి పెట్టి, "జ్వరమేం లేదక్కా, బట్టలెక్కువయ్యాయి," అని స్వెట్టరు విప్పేసింది. ఆ వారంలో నాకెవరైనా చేసిన మంచి ఉపకారం అదే.

"కూర్చోమ్మా," అన్నారు జయరాజు అంకుల్. "ఆ అబ్బాయికి ఈ విద్యలన్నీ నేర్పింది నువ్వేనా?"

"విద్యలు కాదు అంకుల్. పరిచయం."

"మా లూథరన్ సంఘం పుట్టిందే ఆ దేశంలో. మా ముత్తాతకి బాప్తిస్మం ఇచ్చింది జర్మనీ దొరగారే. ఆయన ఎండలో ఊరూరూ నడిచి తిరిగాడని చెప్పేవాళ్ళు. ఏ మెట్ల మీదా ఎవరినీ ముద్దు పెట్టుకున్నాడని చెప్పలేదే."

భయం వేస్తే నేను పాఠం మొదలుపెడతాను. తెచ్చిన ప్లాస్టిక్ స్లైడులు తీసి, ప్రొజెక్టరు లేదు కాబట్టి, కిటికీ అద్దానికి టేపుతో అంటించాను. వెనక నుంచి ఎండ పడి రొట్టెలు, చీజ్, ఎర్ర లైట్లు అన్నీ స్పష్టంగా కనపడ్డాయి. వీధిలో వెళ్ళే ఒక ముసలాయన కూడా ఆగి చూశాడు.

నేరుగా మెట్ల దగ్గరకు వెళ్ళలేక రాత్రి భోజనంతో మొదలుపెట్టాను.

"అంటే రాత్రికి ఏమీ వండరా?" అంది కరుణ ఆంటీ.

"వండరు ఆంటీ. రొట్టె, చీజ్ అంతే."

"రోజూనా?"

"చాలా ఇళ్ళల్లో రోజూనే."

ఆంటీ భర్త వైపు తిరిగింది. "వింటున్నారా?"

"వింటున్నాలే. నువ్వు అసలు సంగతికి రామ్మా," అన్నారాయన నాతో.

వచ్చాను. ఎవరో ఒక అబ్బాయి తప్పుదోవ పట్టినందువల్ల జరిగింది కాదని, ఊరంతా కలిసి చేసే పద్ధతని, ఇంజనీర్లూ డాక్టర్లూ అందరూ ఊడుస్తారని చెప్పాను. ఫ్రౌ బ్రింక్‌మన్ చెప్పింది పూసగుచ్చినట్టు చెప్పాను.

"పెళ్ళి చేసుకోకుండా తిరుగుతున్నందుకు శిక్షన్నమాట," అన్నారు అంకుల్.

"ఒకరకంగా అంతే అంకుల్."

"మంచి పద్ధతే. మన కూటంలో కూడా ఇద్దరు ముగ్గురికి చీపుర్లు ఇవ్వాలి."

"ఆ ముద్దు పెట్టే పిల్లకి పెళ్ళి కాకూడదా? వాళ్ళమ్మ ఎట్లా ఒప్పుకుందో," అంది ఆంటీ.

"ముద్దంటే రసీదు లాంటిది ఆంటీ. పని పూర్తయిందని."

అంకుల్ మొహం కొంచెం సడలింది. బోర్లించిన ఫొటో తిప్పి చూశారు. "బుగ్గ మీదేగా," అని తనలో తాను అనుకున్నారు. నేను గెలిచాననుకున్నాను. ఉత్సాహంలో ఇంకొంచెం వివరంగా చెప్పాను. ఈ ఉద్యోగంలో నా తప్పులన్నీ ఆ ఇంకొంచెం దగ్గరే జరిగాయి.

"అందరికీ కాదు అంకుల్. సరిగ్గా ముప్పై నిండినవాళ్ళకే. ఆ రోజే చెయ్యాలి."

ఆంటీ చేతిలో బిస్కెట్ల పళ్ళెం ఆగిపోయింది.

"ముప్పయ్యా?"

ఆంటీ లేచి, టీవీ కింద సొరుగులోంచి ఒక కవరు తెచ్చి, కాగితం తీసి చదివింది. "బయోడేటాలో ఇరవై ఎనిమిదని రాశారు."

సుధీర్ ఫోన్‌లో గొణిగిన చివరి మాట అప్పుడు నాకు పూర్తిగా వినపడింది.

అంకుల్ నా వైపు చూశారు. "ఖాయంగా ముప్పయ్యేనా అమ్మా? ఇరవై ఎనిమిదికి కూడా ఊడ్పిస్తారేమో."

ఆయన అడిగిన తీరులోనే నాకు తలుపు తెరిచి పెట్టారు. అవునంటే చాలు. ఆ గదిలో జర్మనీ చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. బోధించేదాన్ని నేనే, కిటికీ నిండా నా స్లైడులే. ఇరవై ఎనిమిది అన్నా, ఇరవై రెండు అన్నా నమ్ముతారు. సుధీర్ పెళ్ళి నిలబడుతుంది. నోరు తెరిచాను. మూల కుర్చీలో సునీత పాపను భుజాన వేసుకుని నన్నే చూస్తోంది. ఇంట్లోకి రాబోయే మనిషి గురించి ఆ అమ్మాయి నా నోట వినే వివరం నేను కల్పించింది కాకూడదనిపించింది.

"ముప్పయ్యే అంకుల్. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను జర్మనీ ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ ఇది మాత్రం అక్కడి మనిషిని అడిగి తెలుసుకున్నదే."

"వెళ్ళలేదా?" ఆయన కిటికీ వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "మరి ఇదంతా?"

"చదివి చెప్పాను."

"అబ్బాయి వయసు అబద్ధం, టీచరు జర్మనీ అబద్ధం," అంది ఆంటీ. "బాగుంది వరస."

అంకుల్ బయోడేటా మడతపెట్టారు. "ముద్దు సంగతి క్షమించొచ్చు. రాతపూర్వకంగా అబద్ధమాడినవాడికి పిల్లనెట్లా ఇస్తాం? చెప్పమ్మా. ఇక ఇది ఇంతటితో..."

"అక్కా," అంది సునీత. నేను పాఠం మొదలుపెట్టాక ఆమె నోరు తెరవడం అదే మొదటిసారి. "ఆడవాళ్ళకేం లేదా?"

"ఏంటి?"

"మగవాళ్ళకి మెట్లు. ఆడవాళ్ళకి?"

ఫ్రౌ బ్రింక్‌మన్ అదీ చెప్పింది. "వాళ్ళు చర్చి తలుపుల ఇత్తడి పిడులు తుడవాలి. మెరిసేదాకా."

"ఎన్నేళ్ళకి?"

"ముప్పైకే."

సునీత పాపను జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టింది. "అయితే బాబాయ్, నాకు నవంబర్ దాకా టైముంది."

"సునీతా," అన్నారు అంకుల్.

"ఊరుకోవే," అంది ఆంటీ.

"ఎన్నిసార్లు ఊరుకోను పిన్నీ? నా కాగితం మీద మీరు ఇరవై ఆరని రాశారు. ప్రతి ఆదివారం ఆయన ఇంటర్ ఏ సంవత్సరం అని అడుగుతాడేమోనని నేను నర్సింగ్ రోటా గురించి, మా వార్డు సిస్టర్ గురించి గంటలు గంటలు మాట్లాడాను. ఆయనేమో నాకు మాటలు బాగా వచ్చని మురిసిపోతున్నాడు."

అంకుల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు.

సునీత ఫోన్ తీసి హాల్లోకి వెళ్ళింది. తలుపు పూర్తిగా వెయ్యలేదు. మేం ముగ్గురం ఒకరినొకరం చూసుకోకుండా విన్నాం.

"హలో. నేనే. మీకు ముప్పయ్యంట కదా... అవును, మీ టీచరు చెప్పారు. తిట్టకండి ఆమెని... నాకు ఇరవై తొమ్మిది. ఆ, తొమ్మిది. మీకు వినపడింది సరిగ్గానే... లేదు, కోపం లేదు. ఫోన్ ఎత్తకపోవడం కోపమే, అది వేరే. ఆ పిల్ల పేరేంటి?... అడగలేదా? ఏం మనిషండీ, ముద్దు పెట్టినదాని పేరు కూడా అడగరా?... ఆహా. అడగకపోవడమే మంచిదైంది."

తర్వాత ఆమె నవ్వింది. ఆంటీ బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరిపింది, మొదటిసారే తీసుకున్నాను.

నా స్థానంలో వచ్చే అమ్మాయికి

ఆ వారమే కోర్సు నియమం మార్చాను. పెట్టింది మొదటిసారే తినండి. చీపురు ఇస్తే మాత్రం ఎందుకని అడగండి. మీరు కూడా ఇలాగే చెప్పండి. ఇంకో రెండు నెలలకు పాపను నర్సరీలో వదిలి రావడం నా వల్ల కాక ఉద్యోగం మానేశాను. అందులో సుధీర్ తప్పేమీ లేదు.

జర్మనీ చూడలేదని మొదటి రోజే క్లాసులో చెప్పెయ్యండి. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే, వాళ్ళు నా మాట మీద కాకుండా తమ కళ్ళ మీద కొంచెం ఎక్కువ ఆధారపడి ఉండేవాళ్ళు. మీకు తెలియనిది తెలియదనండి. తెలిసినది మాత్రం ఎవరి పెళ్ళి కోసమూ రెండేళ్ళు తగ్గించకండి.

ఈస్టర్‌కు నిశ్చితార్థం జరిగింది. అక్టోబర్‌లో పెళ్ళి. సునీత ఏ తలుపు పిడీ తుడవాల్సిన అవసరం రాలేదు.

కానీ బేసింగ్‌స్టోక్‌లో ఆ రోజు నేను స్లైడులు పీకి బయలుదేరుతుంటే జయరాజు అంకుల్ కారు దాకా వచ్చారు. గుంటూరులో ఇరువైపులా పెద్దలకు ఇప్పుడు రెండు వయసులూ మారాయని ఎలా చెప్పాలో ఆయనకు పాలుపోలేదు. "మా ఇంటి నుంచి రాస్తే తలవంపులమ్మా. మీ ఆఫీసు కాగితం మీద నువ్వు రాస్తే మర్యాదగా ఉంటుంది," అన్నారు.

రాశాను. బ్రేమెన్ నగరంలో పెళ్ళికానివారికి ముప్పై నిండితే మగవారు మెట్లు ఊడుస్తారని, ఆడవారు తలుపు పిడులు తుడుస్తారని, కాబట్టి అక్కడ వయసు దాచడం ఎవరికీ వీలు కాదని, ఆ ఆచారం తెలిసిన మీదట ఇరుపక్షాల వారూ బయోడేటాల్లో వయసులు సవరించుకున్నారని. కింద నేను సంతకం పెట్టాను. మాల్కం స్టాంపు వేశాడు. ఆరేళ్ళలో ఆ ఆఫీసు నుంచి జర్మన్ సంస్కృతి గురించి బయటికి వెళ్ళిన కాగితాల్లో, ప్రతి మాటా నేను స్వయంగా సరిచూసుకున్నది అదొక్కటే.